బందరు కేసులో న్యాయం ఎక్కడ తప్పిపోయింది?

బందరుకు చెందిన 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్రిస్మస్ సెలవులు ముగించుకుని 2014 జనవరి 5న తెల్లవారుజామున ముంబయిలో రైలు దిగింది. ఆమె మృతదేహం జనవరి 16న కంజూర్‌మార్గ్ దగ్గర దొరికింది. మార్చిలో ఒకరిని అరెస్టు చేశారు. అతనికి 2015లో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది, 2018లో బొంబాయి హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది.

ఇలాంటి తీర్పు విన్నప్పుడు ‘ఆనాడే కాల్చి పారేయాల్సింది’ అనే మాట వస్తుంది. బందరు, గుడివాడ, దివిసీమల పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు దూరాభారం వెళ్తుంటారు. ఆ మాట వెనకున్న కన్నవాళ్ల భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 2019 డిసెంబరు 6న హైదరాబాద్ దగ్గరి చటాన్‌పల్లిలో పశువైద్యురాలి అత్యాచార, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. వారం తిరిగేసరికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ మహిళలపై నేరాలకు సత్వర శిక్షల కోసం తెచ్చిన దిశ బిల్లును ఆమోదించింది. పూలు చల్లినవారు కనిపించారు, ఇంట్లో ఉండిపోయినవారి మనసు మాత్రం ఆ దృశ్యాన్ని బట్టి తెలియదు. అయితే విచారణ లేకుండా చంపేయాలన్న ఈ ధోరణి జనానికే పరిమితం కాదు. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థల 2019 సర్వేలో పోలీసు సిబ్బందిలోనే ఐదుగురిలో ఒకరు, ప్రమాదకర నేరస్థుల విషయంలో విచారణ కన్నా చంపడమే మేలన్నారు. చటాన్‌పల్లి కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, మృతుల్లో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది.

బందరు కేసును దగ్గరగా చూస్తే, శిక్ష వేయడంలో కోర్టులు ఉదాసీనంగా లేవు. అరెస్టయిన రెండేళ్లలోపే ఉరిశిక్ష పడింది. చెడింది దర్యాప్తు. సీసీటీవీ దృశ్యాలకు అప్పటి సాక్ష్యాధారాల చట్టం 65-బి సెక్షన్ కింద ఉండాల్సిన ధ్రువపత్రం లేదు. నిందితుడు వేరొకరి దగ్గర నేరం ఒప్పుకున్నాడన్న కథనాన్ని సుప్రీంకోర్టు నమ్మలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ ధ్రువపత్రమే. దాన్ని అడిగి తీసుకోవడం పోలీసుల చేతిలో పని. 2014లోనే ఎన్‌కౌంటర్ జరిగి ఉంటే ఈ లోపాలు ఫైలుతో పాటే అటకెక్కేవి, ఆమెను ఎవరు చంపారన్న ప్రశ్న కూడా మూతపడేది.

అనుమానం ఆధారం కన్నా ముందు పరుగెత్తడం గుడివాడ పక్కనే చూశాం. 2024 ఆగస్టు చివర గుడ్లవల్లేరులోని ఇంజినీరింగ్ కళాశాలలో, అమ్మాయిల హాస్టల్లో రహస్య కెమెరాలు పెట్టారన్న ఆరోపణతో విద్యార్థులు రాత్రివేళ ఆందోళనకు దిగారు. కెమెరాలేవీ దొరకలేదని ఆ తర్వాత పోలీసులు ప్రకటించారు. ఆ పిల్లల భయం నిజమైనదే. ఆ రాత్రి గుంపు ఎవరినైనా శిక్షించి ఉంటే మాత్రం దిద్దుకునే వీలుండేది కాదు.

కోర్టుల దారిలో ఆ వీలుంటుంది. ఉమ్మడి కృష్ణా జిల్లాలోనే ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007లో జరిగిన విద్యార్థిని హత్యలో శిక్షపడిన యువకుణ్ణి హైకోర్టు 2017లో నిర్దోషిగా వదిలింది. మరుసటి ఏడాది కేసును సీబీఐకి అప్పగించింది. బందరు కుటుంబానికి కూడా అలాంటి రెండో దర్యాప్తు దక్కాలి.