క్వార్టర్ నుంచి పట్టా దాకా

బ్రిటన్‌లో 1980 హౌసింగ్ చట్టంతో, కౌన్సిల్ ఇండ్లలో మూడేళ్లు కిరాయికున్నోళ్లు 33 నుంచి 50 శాతం తగ్గింపుతో వాటిని కొనుక్కోగలిగారు.

మన సింగరేణిలో రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే. అందుకే గోదావరిఖనిలో ఎందరో కార్మికులు సర్కారు జాగలో గుడిసెలు వేసుకున్నారు. మా మేనమామ కూడా అంతే.

2014 డిసెంబర్ 30న జీవో 58 వచ్చింది. 2014 జూన్ 2 నాటికి సర్కారు జాగలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా పట్టా. అంతకు మించితే జీవో 59 కింద సొమ్ము కట్టాల్సి ఉండేది.

దరఖాస్తు నేనే నింపాను. ఆధారం అడిగితే మామ బిత్తరపోయాడు. అత్తే రేకుపెట్టె తీసింది: ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు.

బాయిలో ఎన్నేండ్లు దిగినా, ఆ కాగితం లేకుంటే మన ఇల్లు లేనట్టే. మన వాడల్లో ప్రతి రసీదూ దాచమని చెప్పండి.