రాజఘాట్‌లో పూలు చల్లిన అతిథి
బర్మా సైనిక పాలకుల భారత పర్యటనలు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

2010 జూలై మాసములో బర్మా సైనిక పాలకుడు సీనియర్ జనరల్ థాన్ ష్వే మన దేశమునకు అధికార అతిథిగా వచ్చారు. బుద్ధగయను దర్శించారు. ఢిల్లీలో రాజఘాట్ వద్ద గాంధీజీ సమాధిపై పూలు చల్లారు. ఆయన పర్యటన కార్యక్రమములో జంషెడ్‌పూర్‌తో పాటు మన హైదరాబాదు కూడ ఉన్నది. సరిగ్గా ఆ దినములలోనే రంగూన్ నగరములో ఆంగ్ సాన్ సూకీ తన సొంత ఇంటిలో బందీగా ఉన్నారు.

విశాఖపట్నములో కంచరపాలెము ప్రాంతమున బర్మా క్యాంపు అను పేట ఉన్నది. బర్మా నుండి తిరిగి వచ్చిన తెలుగువారి వలన దానికి ఆ పేరు వచ్చింది. ఆ రోజులలో అక్కడ ఒక ఇంటి ప్రార్థన ముగిసిన తరువాత, చిన్నతనములో ఓడ మీద తల్లిదండ్రులతో వచ్చిన ఒక వృద్ధురాలు నన్ను అడిగింది: "మమ్మల్ని తరిమేసినోళ్ళకి మనోళ్ళే దండలేత్తన్నారేటి, అయ్యగారూ?"

అధికారులు దేవుని వలన నియమింపబడినవారని రోమా పత్రిక 13వ అధ్యాయమును గుర్తుచేసి ఆనాటికి తప్పించుకున్నాను. ఆమె తలవంచి ఊరుకుంది. నా జవాబు ఆమెకు సరిపోలేదని నాకు తెలుసు, నాకే సరిపోలేదు. ప్రజాస్వామ్య దేశము తన ప్రజలను అణచివేయు పొరుగు పాలకుని గౌరవ అతిథిగా ఆహ్వానించవచ్చునా అను ప్రశ్నను చరిత్ర వెలుగులో మరల పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. 1989లో సైనిక ప్రభుత్వము దేశము పేరును మయన్మార్ అని మార్చినప్పటికి, మన పెద్దల నోట నిలిచిన బర్మా అను పేరునే ఇక్కడ వాడుచున్నాను.

తెలుగువారు, బర్మా, సంఘము

బర్మాతో మనకున్నది పొరుగు సంబంధము మాత్రమే కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి ఓడలెక్కిన కూలీల కారణముగా బర్మా ప్రజలు తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచారు. రంగూన్ రేవులో బస్తాలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, బియ్యపు మిల్లులలో చెమటోడ్చినవారు వీరే. 1930 మే నెలలో రేవు పనుల విషయమై చెలరేగిన అల్లర్లలో వీరిలో అనేకులు ప్రాణములు కోల్పోయారు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూన్‌పై బాంబులు వేసిన తరువాత లక్షలమంది భారతీయులు అడవుల గుండా, కొండల గుండా కాలినడకన స్వదేశము చేరుటకు బయలుదేరారు. దారిలో పడిపోయినవారికి లెక్క లేదు.

1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారము చేజిక్కించుకున్నారు. తరువాతి రెండేళ్ళలో వ్యాపారములు, దుకాణములు జాతీయము చేయబడ్డాయి. తరతరాలుగా అక్కడున్న భారతీయులు నగలు, రొక్కము వదలి ఓడలెక్కవలసి వచ్చింది. పైన చెప్పిన వృద్ధురాలి కుటుంబము ఆ విధముగా వచ్చినదే.

సంఘ చరిత్రలో ఈ బంధము మరింత దగ్గరిది. అదోనిరాం జడ్సన్ 1813లో రంగూన్ చేరారు. 1824లో ఆంగ్లేయులతో యుద్ధము వచ్చినప్పుడు బర్మా రాజు చెరలో సంకెళ్ళు మోశారు. తరువాత బైబిలును బర్మా భాషలోనికి పూర్తిగా అనువదించారు. ఆయనకు సహకరించిన అమెరికన్ బాప్టిస్టులే 1836లో శామ్యూల్ డేని తెలుగు దేశమునకు పంపారు. 1840లో నెల్లూరు మిషను ప్రారంభమైంది. కావున బర్మాలోని కరెన్, కచిన్, చిన్ బాప్టిస్టులు మనకు ఒకే తల్లి పిల్లల వంటివారు. సైనిక పాలనలో ఎక్కువ దెబ్బలు తిన్న ప్రజలలో వారున్నారు.

ఆదర్శము నుండి అవసరమునకు

1988 ఆగస్టు 8న బర్మాలో ప్రజలు వీధులలోనికి వచ్చినప్పుడు భారత ప్రభుత్వము వారి పక్షమున నిలిచింది. పారిపోయి వచ్చిన విద్యార్థులకు మిజోరం, మణిపూర్ రాష్ట్రములలో శిబిరములు ఏర్పాటు చేసింది. 1990 మే 27న జరిగిన ఎన్నికలలో సూకీ పార్టీ 485 స్థానములలో 392 గెలిచింది. సైన్యము అధికారము అప్పగించలేదు.

ఈ వైఖరి మారినది మన తెలుగువాడైన పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రిగా ఉన్న కాలములోనే. అందుకు కారణములు తేలికైనవి కావు. చైనా బర్మాకు ఆయుధములిచ్చి దగ్గరవుచున్నది. 1,600 కిలోమీటర్లకు పైగా ఉన్న సరిహద్దు వెంట ఈశాన్య రాష్ట్రముల తిరుగుబాటుదారులు అటు దాగుకొనుచున్నారు. తూర్పు ఆసియా దేశములతో వ్యాపారము పెంచుకొనుటకు బర్మా దారి కావలసియున్నది. 1994లో సరిహద్దు వాణిజ్య ఒప్పందము కుదిరింది. అయినను 1993వ సంవత్సరపు జవహర్‌లాల్ నెహ్రూ బహుమానమును 1995లో మన ప్రభుత్వము సూకీకే ప్రకటించింది. ఒక చేతితో సైనికులకు కరచాలనము, మరొక చేతితో వారి ఖైదీకి సన్మానము. ఈ రెండు మనసుల స్థితిని కొందరు పరిహసించారు. కాని ఆ రెండవ చేయి ఉన్నంతకాలము మన మాటకు కొంత బరువు ఉన్నదని నా అభిప్రాయము.

రెండు పర్యటనలు

2004 అక్టోబరులో థాన్ ష్వే మొదటిసారి ఢిల్లీ వచ్చారు. బర్మా దేశాధినేత మన దేశమునకు వచ్చుట 24 ఏళ్ళలో అదే ప్రథమము. ఆయన ప్రయాణమునకు వారము ముందు తన సొంత ప్రధానమంత్రి ఖిన్ న్యుంట్‌ను పదవి నుండి తొలగించి నిర్బంధించారు. అంతకు ముందు ఏడాది, 2003 మే 30న, దెపాయిన్ వద్ద సూకీ వాహనశ్రేణిపై దాడి జరిగి అనేకులు చనిపోయారు. ఆమె మరల బందీ అయ్యారు. ఇవేవియు స్వాగతమునకు అడ్డు రాలేదు. తమ నేలను భారత వ్యతిరేక శక్తులు వాడుకొననివ్వబోమని అతిథి మాట ఇచ్చారు.

2007 సెప్టెంబరులో బౌద్ధ భిక్షువులు రంగూన్ వీధులలో ఊరేగింపులు చేయుచున్న దినములలో మన పెట్రోలియం మంత్రి గ్యాస్ అన్వేషణ ఒప్పందముల కొరకు బర్మాలో ఉన్నారు. కొద్ది రోజులకే సైన్యము భిక్షువులపై కాల్పులు జరిపింది. మూడేళ్ళ తరువాత థాన్ ష్వే రెండవ పర్యటనకు వచ్చినప్పుడు, పగాన్‌లోని ఆనంద దేవాలయ పునరుద్ధరణతో సహా పలు ఒప్పందములు జరిగాయి. ఢిల్లీలోని బర్మా ప్రవాసులు నిరసన తెలిపారు.

ఏమి లభించింది?

స్వాగతమును సమర్థించువారు మూడు ప్రయోజనములు చెప్పుదురు: భద్రత, వ్యాపారము, మెల్లమెల్లగా అతిథిలో మార్పు. న్యాయముగా ఒక్కొక్కటి చూడవలెను.

భద్రత విషయములో కొంత సహకారము లభించింది. కాని 22 మంది తిరుగుబాటుదారులను బర్మా మనకు అప్పగించినది 2020 మే నెలలో, అనగా 2004 నాటి వాగ్దానమునకు పదిహేనేళ్ళు దాటిన తరువాత. అప్పటికి ఆ దేశములో ఎన్నికైన ప్రభుత్వము ఉన్నది. వ్యాపారము సంగతి మరింత బోధకరము. అరకాన్ తీరములోని ష్వే గ్యాస్ క్షేత్రములో ఓ.ఎన్.జి.సి. విదేశ్, గెయిల్ సంస్థలకు వాటాలుండగా, ఆ గ్యాసును 2008లో చైనాకు అమ్ముటకు సైనిక ప్రభుత్వము నిర్ణయించింది. మనము వేసిన దండలు గొట్టపు మార్గమును మన వైపు త్రిప్పలేదు. ఇక మార్పు సంగతి. 2010 నవంబరు 13న సూకీ విడుదలైన మాట నిజమే. అయితే అది ఆమె పార్టీ లేకుండ ఎన్నికలు ముగించుకున్న ఆరు దినములకు, సైన్యము తన లెక్క ప్రకారము చేసిన పని. దానిని మన ఆతిథ్యము ఫలమనుటకు ఆధారము లేదు.

అటు పూర్తి బహిష్కరణ కోరినవారి వాదము కూడ నిరూపణ కాలేదని ఒప్పుకొనవలెను. పాశ్చాత్య దేశములు ఏళ్ళ తరబడి విధించిన ఆంక్షలు సైన్యమును దించలేదు. పైగా పొరుగువాడు సరిహద్దును మూసికొని కూర్చుండలేడు. 2025 మార్చిలో బర్మాలో ఘోర భూకంపము వచ్చినప్పుడు మన దేశము సహాయము పంపింది. తరువాతి వారములో బాంకాక్ సమావేశమునకు వెళ్ళిన మన ప్రధానమంత్రి అక్కడ సైనిక నాయకుడు మిన్ ఆంగ్ హ్లయింగ్‌తో మాట్లాడారు. శిథిలముల క్రింద ఉన్నవారి కొరకు ఎవరితోనైనను మాట్లాడవలసినదే. కాని మాట్లాడుట వేరు, సన్మానించుట వేరు.

యెషయా అడిగిన ప్రశ్న

ఈ భేదమును గ్రహించుటకు యెషయా గ్రంథము 39వ అధ్యాయము మనకు సహాయపడును. బబులోను రాజు పంపిన దూతలను హిజ్కియా సంతోషముగా చేర్చుకొని తన ఖజానా అంతయు చూపించాడు. ప్రవక్త వచ్చి వారేమనిరి, ఎక్కడనుండి వచ్చిరి, నీ ఇంట ఏమి చూచిరి అని అడిగాడు. తలుపు తెరచినందుకు ప్రవక్త రాజును నిందించలేదని గమనించవలెను. ఇంటిలో వారికేమి చూపబడినదను దానిపైననే ఆయన దృష్టి ఉన్నది.

థాన్ ష్వేకు మనము ఏమి చూపించాము? సైనిక వందనము, కర్మాగారములు, గాంధీజీ సమాధి. ఏమి చూపలేదు? ప్రభుత్వమును ఎదిరించి మాట్లాడి రాత్రికి ఇంటికి వెళ్ళి నిద్రపోగల మనిషిని చూపలేదు. ప్రజాస్వామ్యము యొక్క నిజమైన ధనాగారము అదియే. దానిని దాచి మిగిలినవి చూపిన ఆతిథ్యములో అతిథికి లాభము, ఇంటివారికి నష్టము. ఆయన ఇంటికి తీసికొని వెళ్ళినది గాంధీజీ సమాధి దగ్గర తీసిన ఛాయాచిత్రము.

రెండేళ్ళ తరువాత, 2012 నవంబరులో, సూకీ స్వయముగా ఢిల్లీ వచ్చి నెహ్రూ స్మారక ఉపన్యాసము చేశారు. కష్టకాలములో భారతదేశము తమకు దూరమైనందుకు విచారము తెలిపారు. ఆ పర్యటనలోనే మన అనంతపురము జిల్లా గ్రామమునకు వెళ్ళి స్త్రీలతో మాట్లాడారు. అయితే 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయిన తరువాత, 2019లో హేగ్ న్యాయస్థానములో తన దేశమును సమర్థించినది కూడ ఆమెయే. కనుక మన గౌరవము వ్యక్తులకు గాక, న్యాయమునకు చెందవలెను.

ముగింపు

2021 ఫిబ్రవరి 1న సైన్యము మరల అధికారము ఆక్రమించి సూకీని బంధించింది. ఆ సంవత్సరము చిన్ రాష్ట్రములోని థంట్‌లాంగ్ పట్టణములో ఇండ్లు తగులబడుచుండగా ఆర్పుటకు వెళ్ళిన ఒక బాప్టిస్టు పాస్టరు కాల్చి చంపబడ్డారు. వేలమంది సరిహద్దు దాటి మిజోరం చేరారు. 2021 మార్చిలో కేంద్ర హోం శాఖ వారిని రానివ్వవద్దని సరిహద్దు రాష్ట్రములకు సూచించగా, మిజోరం ముఖ్యమంత్రి జోరంథంగా ఆశ్రయమియ్యవలెనని ప్రధానమంత్రికి లేఖ వ్రాశారు. అక్కడి సంఘములు, యువజన సంస్థలు అన్నము, గుడ్డలు సమకూర్చాయి.

నా మట్టుకు నేను చేరుకున్న అభిప్రాయమిది. పొరుగు పాలకుడు ఎట్టివాడైనను అవసరమైన పనికి అతనితో కూర్చుండి మాట్లాడవచ్చును. పూలు, వందనములు, గాంధీజీ సన్నిధి మాత్రము ఊరికే ఇచ్చునవి కావు. అతడు వచ్చిన దినమున అతని బాధితులు అతనికి కనబడునంత దగ్గరలో నిలిచి మాట్లాడుటకు చోటుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తరిమినవానికి తెరచిన తలుపును తరుమబడినవానికి మూయకూడదు. హిజ్కియా చివరకు తన దినములలో సమాధానముంటే చాలునని తృప్తిపడ్డాడు. రాబోవు తరము చెరలోనికి పోవుటను అతడు లెక్కచేయలేదు.

ఆ వృద్ధురాలు ఇప్పుడు ప్రభువునందు నిద్రించియున్నది. ఈ జవాబు ఆమెకు చెప్పలేకపోతిని. బర్మా నుండి వచ్చిన పెద్దలు మన సంఘములలో ఇంకను కొద్దిమంది మిగిలియున్నారు. వేదాంత విద్యార్థులు వారి యొద్దకు వెళ్ళి, వారు విడిచివచ్చినదేమో, వారిని ఎవరు చేర్చుకొనిరో అడిగి వ్రాసికొనవలెనని నా మనవి. ఎవరికి స్వాగతము పలుకవలెనో నిర్ణయించువారికి ఆ సాక్ష్యములు అవసరము.