గనికి ముందు జాబు

1952 గనుల చట్టము అమలులో నున్నంత కాలము, అనగా 2025 వరకు, మందమర్రిలో సింగరేణి సంస్థ క్రొత్త గని త్రవ్వదలచినను, ముందుగా కదలవలసి యుండినది పార కాదు, కలము. పని ప్రారంభమునకు కనీసము నెల ముందుగా ప్రధాన తనిఖీ అధికారికి, జిల్లా మేజిస్ట్రేటుకు వ్రాతమూలకముగా తెలుపవలెనని ఆ చట్టపు 16వ సెక్షను విధించెను.

ఇట్టి తనిఖీ ఊరక పుట్టలేదు. 1897లో కోలారు బంగారు గనిలో 52 మంది, 1899లో బెలూచిస్తానమునందలి ఖోస్తు బొగ్గుగనిలో 47 మంది మరణించిరి. 1901లో తొలి గనుల చట్టము వచ్చెను. మరుసటి యేట కలకత్తాలో తనిఖీ కార్యాలయము వెలసెను.

భూమిలోపల గాలి వచ్చు దారి, పోవు దారి వేరుగా నుండవలెను. పైకప్పును మోయుటకు బొగ్గు స్తంభములను మిగుల్చవలెను. గని యున్నదనియే తెలియనిచో వీనిని పరీక్షించు వారెవరు? గనిలోనికి దిగువాని ప్రాణమునకు తొలి కాపు ఆ జాబే.