నాలుగు నుంచి పది దాకా

సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు పోగుచేసిన అనుభవం ఉంటుంది. ఆ కాగితాల వెనుక మా ఖమ్మం జిల్లా చరిత్ర కొంత ఉంది.

మా ముదిగొండ నిజాం రాజ్యంలోది. గోదావరి అవతలి భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోది. 1959లో గాని మా జిల్లాలో కలవలేదు. నిజాం ఏలుబడిలో కచేరీల భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనాభాషా అదే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఉర్దూలో పై చదువు చదివాడంటే కొలువు మీద ఆశ అందులో చాలావరకు ఉంది. స్థానికులకే ఉద్యోగాలన్న 1919 నాటి ముల్కీ ఫర్మానా ఆ ఆశకు హామీ.

1948లో నిజాం పాలన ముగిశాక కచేరీల్లోకి ఇంగ్లీషు వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక, ఇంగ్లీషు చదువుల్లో ముందున్న కోస్తావారితో పోటీ తప్పలేదు. పాత హామీ 1957 నాటి చట్టంగా మిగిలింది. అది అమలు కావడం లేదన్న ఆగ్రహం పాల్వంచ థర్మల్ కేంద్రం ఉద్యోగాల విషయంలో రాజుకుంది. 1969 జనవరిలో అన్నాబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి ఖమ్మంలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఉద్యమం తెలంగాణ అంతటా వ్యాపించింది. ఆ ఏడాది మార్చి 28న సుప్రీంకోర్టు చట్టంలోని ఆ నిబంధననే కొట్టివేసింది. నివాస నియమం రాష్ట్రమంతటికీ పెట్టవచ్చు గాని, రాష్ట్రంలో ఒక భాగానికి పెట్టరాదన్నది తీర్పు సారాంశం.

1972లో అదే న్యాయస్థానం పాత ముల్కీ నియమాలు చెల్లుతాయన్నది. దానితో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 నాటి ఆరు సూత్రాల పథకం, దాని వెంట 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు రాజీగా వచ్చాయి. ఈ ఉత్తర్వులు తెచ్చిన మార్పు విశేషమైనది. "ఎక్కడ ఉంటున్నావు?" అన్న ప్రశ్న వెనక్కి పోయి, "ఎక్కడ చదివావు?" అన్నది ముందుకొచ్చింది. మన స్టడీ సర్టిఫికెట్లకు విలువ అలా వచ్చింది. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చి, లెక్క ఒకటి నుంచి ఏడో తరగతికి మారింది.

ఏజెన్సీ కథ వేరు. 2000 సంవత్సరపు జీవో 3 ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులవే. భద్రాచలం మన్యంలో పంతులు శిక్షణ పొందే కోయ పిల్లకు అంతకంటే దగ్గరి దారి ఏముంటుంది? 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్నీ కొట్టివేసింది. అప్పటికే ఉద్యోగాల్లో చేరినవారికి షరతులతో రక్షణ ఇచ్చింది. ఆ జీవోను నమ్ముకుని ఇంకా చదువుతున్నవారికి అటువంటి రక్షణ లేదు.

నన్ను ఆలోచింపజేసేది ఇదే. చదువు పూర్తికావడానికి ఏళ్ళు పడుతుంది. నియమం మారడానికి ఒక్క తీర్పో, ఒక్క ఉత్తర్వో చాలు. న్యాయస్థానాల తర్కాన్ని నేను తప్పుపట్టడం లేదు. నియమం మార్చేవారు ఆ రోజున తరగతి గదుల్లో ఉన్నవారిని కూడా లెక్కలోకి తీసుకోవాలని మాత్రమే అంటున్నాను. ఉర్దూ చదివి ఇంగ్లీషు కచేరీ ముందు నిలబడ్డవారి నుంచి, జీవో పోయిన గిరిజన యువత దాకా, చదువు మధ్యలో చిక్కుకున్నవారి గోడు మన చరిత్ర పుస్తకాల్లో అరుదు. మీ ఇళ్ళలో అటువంటి పెద్దలుంటే వారి మాటలు రాసిపెట్టండి.