సరస్సు అవతలి గట్టు

ఆదివారం వచ్చిందంటే పులిహోర కలుపుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఏ చెరువు గట్టుకో, పాత కోటకో వెళ్లి రావడం మనకు సరదా. జర్మనీ రాజధాని బెర్లిన్‌లో ఉండేవాళ్లకూ ఆ సరదా ఉంది. నగరం చుట్టూ ఎన్నో సరస్సులు, ఎన్నో పాత పట్టణాలు. పొద్దున్నే రైలెక్కితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుకోవచ్చు.

అలాంటి ఊరే ఫ్యూర్‌స్టెన్‌బెర్గ్. బెర్లిన్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్లు. హావెల్ నది, సరస్సులు, ఎత్తైన చర్చి గోపురం, పడవల షికారు. చూడ ముచ్చటగా ఉంటుంది. అయితే ఆ ఊరి సరస్సుకు అవతలి గట్టు కూడా ఒకటుంది. దాని పేరు రావెన్స్‌బ్రూక్.

హిట్లర్ ప్రభుత్వం ప్రత్యేకించి ఆడవాళ్ల కోసమని 1939 మేలో అక్కడ నిర్బంధ శిబిరం తెరిచింది. 1945 వరకు దాదాపు 1,20,000 మంది స్త్రీలను, పిల్లలను అందులో పెట్టారు. యూదులు, జిప్సీలు, ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్లు, అలా ఎదిరించినవాళ్లను ఇంట్లో దాచి అన్నం పెట్టినవాళ్లు! పేరు తీసేసి నంబరు ఇచ్చారు. గడ్డకట్టే చలిలో గంటల తరబడి నిలబెట్టారు. కుట్టుమిషన్ల ముందు కూర్చోబెట్టి ఖైదీల బట్టలు కుట్టించారు. వేలాదిమంది అక్కడే కన్నుమూశారు. వారి బూడిదను ఆ సరస్సులోనే పోశారు.

ఆకలితో నకనకలాడుతూ ఆ తల్లులు రాత్రిళ్లు ఏం చెప్పుకునేవారో తెలుసా? వంటలు! మా ఇంట్లో పిండి ఇంత వేస్తాం, గుడ్లు ఇన్ని వేస్తాం అని. దొరికిన కాగితం ముక్కల మీద రాసుకున్నారు కూడా. ఆ రాతలు కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఇదేం పిచ్చి అనుకోకండి. తన వంటిల్లు గుర్తున్నంతసేపు ఆమె ఖైదీ నంబరు కాదు, ఒక ఇంటి ఇల్లాలు.

వైద్య ప్రయోగాల పేరిట 74 మంది పోలండ్ స్త్రీల కాళ్లు కోసి, గాయాల్లోకి రోగక్రిములు ఎక్కించారు. 1945 మొదట్లో సాక్ష్యం లేకుండా వారిని చంపబోతే, తోటి ఖైదీలు ప్రాణాలకు తెగించి దాచారు. చనిపోయినవారి నంబర్లు ఇచ్చి కాపాడారు. ప్రయోగాల పాలైన ఆ స్త్రీలలో నలుగురు 1946లో నురెంబర్గ్ న్యాయస్థానం ఎదుట నిలబడి, తమ కాళ్ల మీది మచ్చలు చూపించి సాక్ష్యం చెప్పారు.

1945 ఏప్రిల్ 30న సోవియట్ సేనలు వచ్చి శిబిరంలో మిగిలినవారిని విడిపించాయి. 1959లో అక్కడ స్మారక స్థలం వెలిసింది. సరస్సు ఒడ్డున ఎత్తైన దిమ్మె మీద కంచు విగ్రహం ఉంది. సొమ్మసిల్లిన ఒక స్త్రీని మరో స్త్రీ చేతుల్లో ఎత్తుకుని, నీళ్లకేసి చూస్తూ ఉంటుంది.

మీలో ఎవరి పిల్లలైనా జర్మనీలో ఉంటే, మీరు చూడబోయినప్పుడు బెర్లిన్‌లో ఒక్క రోజు మిగుల్చుకోండి. పడవ షికారు చేయండి, తప్పులేదు. కానీ ఆ అవతలి గట్టుకు కూడా వెళ్లి, నాలుగు పూలు పెట్టి రండి.