‘కుషీ’ అంటే మెత్తన: మన ఖుషీ ఇంగ్లిష్‌లోకి ఎలా వెళ్లింది?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ఇంగ్లిష్ పదం మీద. స్పెల్లింగ్ చెప్తాను: సి, యు, ఎస్, హెచ్, వై. మనలో చాలామంది దీన్ని ‘కషీ’ అని చదివేస్తాం. అలా కాదు. ‘కుషన్’లో ‘కు’ ఎలా పలుకుతామో అలాగే, కుషీ. అవును, పవన్ కళ్యాణ్ సినిమా పేరులాగానే. ఇది యాదృచ్ఛికం కాదు, అసలు కథే అది.

ముందు అర్థం చూద్దాం. ఇది అడ్జెక్టివ్. సోఫా, పరుపు, షూ లోపలి అడుగు, ఇలా కూర్చుంటే లోపలికి దిగేంత మెత్తగా, హాయిగా ఉన్న వస్తువుని కుషీ అంటారు. ఇంకో వాడకం ‘కుషీ జాబ్’. పని తక్కువ, జీతం బాగా, టెన్షన్ లేదు. ఐటీలో బెంచ్ మీద ఉన్నోడిది కుషీ జాబ్ అని బయటివాళ్లు అనుకుంటారు గానీ, ఆ టెన్షన్ ఏంటో ఉన్నోడికే తెలుసు!

మెత్తన అనగానే ఇది ‘కుషన్’ నుంచి పుట్టిందేమో అనిపిస్తుంది. కాదు. కుషన్ పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. దాని వెనక ఉన్న లాటిన్ మాటకి అర్థం తుంటి. అంటే తుంటి కింద పెట్టుకునేది. కుషీ మాత్రం డిక్షనరీల ప్రకారం మన వైపు నుంచి వెళ్లింది. పారసీలో ‘ఖుష్’ అంటే హాయి, ఆనందం. అది ఉర్దూ, హిందీల్లోకి వచ్చింది, అటునుంచి తెలుగులో ఖుషీ అయింది. కామెంట్స్‌లో ఎవరైనా అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా, ఉత్తరాల్లో రాసే ‘కుశలం’ వేరు. అది సంస్కృతం.

మరి ఇంగ్లిష్‌లోకి ఎవరు తీసుకెళ్లారు? ప్రొఫెసర్లు కాదు, సిపాయిలు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో కంటోన్మెంట్లు కట్టుకుని తరాల తరబడి ఉంది. మన సికింద్రాబాద్ కూడా అలాంటి ఊరే. అక్కడ తెల్ల సోల్జర్లు బజార్లో, వంటవాళ్ల దగ్గర, తోటి దేశీ సిపాయిల దగ్గర విన్న మాటల్ని తమ యాసలో కలిపేసుకున్నారు. ఖుష్ కాస్తా కుషీ అయింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇండియాలో పనిచేసిన పాత సోల్జర్లు, కొత్తగా చేరిన కుర్రాళ్లు ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో కలిశారు. మోకాళ్ల లోతు బురద, ఎలుకలు, పైనుంచి గుళ్లు. ఆ నరకంలో ఈ మాట అందరి నోటికీ ఎక్కింది. కాల్పులు తక్కువగా ఉన్న చోట డ్యూటీ పడితే అది కుషీ డ్యూటీ. ప్రాణం పోకుండా, కాలో చెయ్యో పనికిరాకుండా పోకుండా, యుద్ధం నుంచి ఇంటికి పంపించేంత గాయం తగిలితే అది కుషీ గాయం. ఒక్కసారి ఆలోచించండి, గాయాన్ని ‘హాయి’ అన్నారంటే మిగతా పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో!

అలాంటి గాయానికే ఇంకో పేరు ‘బ్లైటీ’. బ్లైటీ అంటే ఇంగ్లండ్, సొంత ఊరు. అదీ మన మాటే. ‘విలాయతీ’ అంటే విదేశీ, మనం సీమ సరుకు అంటామే, ఆ సీమ. విలాయతీ, బిలాయతీ, చివరికి బ్లైటీ.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఆ కందకాల్లో తెల్లవాళ్లు మాత్రమే లేరు. ఆ యుద్ధంలో 10 లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్లారు. నిజాం సంస్థానం నుంచి హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా వైపు వెళ్లారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ దళాలవి. ఫ్రాన్స్‌కి వెళ్లిన సిపాయిలు 1914 చివర్లోనే, ఆ చలిలో, ముందు వరసలో నిలబడ్డారు. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దగ్గర పెద్ద యుద్ధం చేశారు. సమాధి కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఇప్పుడు అక్కడి స్మారకం మీద ఉన్నాయి.

గాయపడినవాళ్లలో చాలామందిని ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌కి తీసుకెళ్లారు. అక్కడ ఒక రాజభవనాన్నే హాస్పిటల్‌గా మార్చారు. పైన షాండిలియర్లు, కింద వరసగా మంచాలు, మతాలు, కులాల ప్రకారం 9 వంటశాలలు. ఫొటోలు తీసి బాగా ప్రచారం చేశారు. చూడటానికి ఇంతకంటే కుషీగా ఏముంటుంది?

కానీ గాయం మానాక ఏంటి? తెల్ల సోల్జర్‌ని కూడా చాలాసార్లు తిరిగి యుద్ధానికి పంపేవారు, నిజమే. కానీ వాడు కనీసం సొంత గడ్డ మీద అడుగుపెట్టాడు, అమ్మని చూశాడు. మనవాడి ఇల్లు ఇంకో సముద్రం అవతల ఉంది. కోలుకున్న సిపాయిని మళ్లీ ఆ కందకాల్లోకే పంపుతుంటే, అదే వాళ్లకి అన్నిటికంటే పెద్ద బాధ అయింది. ఉత్తరంలో నేరుగా రాద్దామంటే సెన్సార్ వాళ్లు చదువుతారు. అందుకే కొందరు కోడ్‌లో రాశారు. నల్ల మిరియాలంటే మన సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు. మిరియాలు అయిపోతున్నాయి అని రాస్తే, ఇంట్లోవాళ్లకి విషయం అర్థమయ్యేది.

అదీ సంగతి. మాట మనది, ‘హాయి’ అనే అర్థమూ మనదే. కానీ ఇంటికి చేర్చే ఆ కుషీ గాయం మాత్రం మనవాళ్లలో చాలామందికి దక్కలేదు.

యుద్ధం అయ్యాక సోల్జర్లు ఈ మాటని ఇంటికి తీసుకెళ్లారు. గాయం పోయి ఉద్యోగం వచ్చింది. పక్కనే ‘కుషన్’ ఉంది కదా, శబ్దం కలవడంతో మెత్తదనం కూడా అంటుకుంది. ఇప్పుడు షూ కొంటుంటే ఆన్‌లైన్‌లో కనిపించేది ఆ మాటే.

ఈ వారం మీరు చేయాల్సింది ఒకటే. కుషీ సోఫా, కుషీ షూస్, కుషీ జాబ్, మూడింటితో మూడు ఇంగ్లిష్ వాక్యాలు రాసి కామెంట్‌లో పెట్టండి. ‘బంగళా’, ‘పైజామా’ లాంటి మాటలు ఇంగ్లిష్‌కి మనం ఇచ్చామని గర్వంగా చెప్పుకుంటాం కదా, ఆ లిస్టులో ఇది కూడా కలపండి. కానీ ఇది ఏ బురదలోంచి నడిచి వెళ్లిందో కూడా చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.