పోతే ఎవరిస్తారు?

వ్యవసాయాధికారి గట్టు మీద నిలబడి కొత్త విత్తనం గురించి ఎంత చెప్పినా, చివర్న రైతు అడిగేది ఒక్కటే: "పంట పోతే నువ్విస్తావా?" మన ఊళ్ళలో ఆ ప్రశ్నకు జవాబు రాదు, నవ్వు వస్తుంది. 1903 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని టెరెల్ అనే చిన్న పట్నంలో మాత్రం "ఇస్తాం" అన్నారు. అన్నది సర్కారు కాదు, బజారు వర్తకులు.

అంతకు పదేళ్ళ ముందు మెక్సికో వైపు నుంచి సరిహద్దు దాటి ఒక ముక్కుపురుగు వచ్చింది. మన గులాబీ రంగు పురుగు జాతి కాదిది. పావు అంగుళం ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు. ఆ ముక్కుతో పత్తి గూడను తొలిచి లోపల గుడ్డు పెడుతుంది. గూడ పసుపెక్కి రాలిపోతుంది. దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది, దగ్గరికెళ్తే కాయ ఉండదు. గట్టిగా పనిచేసే మందు అప్పటికి లేదు.

పత్తి పోతే మునిగేది రైతొక్కడే కాదు. అక్కడి దుకాణదారు విత్తనం దగ్గర్నుంచి గుడ్డ దాకా అన్నీ రాబోయే పంట మీదే అరువిచ్చేవాడు. పంట రాకపోతే అతని ఖాతా పుస్తకం చిత్తుకాగితమే. అందుకే టెరెల్ వర్తకుల ఔదార్యంలో సగం లెక్కేనని నా నమ్మకం. తప్పనను. ఊరి మేలు, తన మేలు ఒకే చోట కలిసినప్పుడే షావుకారు సంచి మూతి విప్పుతాడు.

ఆ సంచి విప్పించిన మనిషి సీమన్ నాప్. అప్పటికి డెబ్బైకి చేరువైన ముసలాయన. అయోవాలో వ్యవసాయ కళాశాలకు అధ్యక్షుడిగా చేసి, తర్వాత లూసియానాకు వలస రైతుల్ని రప్పించి వరి సాగును పెంచినవాడు. బీడు భూములు కొనమని ఎంత చెప్పినా కదలనివాళ్ళు, మంచి రైతునొకణ్ణి తేలిక షరతుల మీద అక్కడ దింపి పండించి చూపిస్తే కదలడం ఆయన అక్కడే చూశాడు. సర్కారు సొంతంగా నడిపే నమూనా క్షేత్రాల మీద ఆయనకు గురి లేదు. ఖజానా డబ్బు పోసి ఎవరైనా పండిస్తారని పక్క రైతు తేలిగ్గా తీసిపారేస్తాడు మరి.

కాబట్టి టెరెల్‌లో పొలం రైతుది, కూలి రైతుది, లాభమూ రైతుదే. నష్టం వస్తే మాత్రం ఊరిది. వాల్టర్ పోర్టర్ అనే రైతు 70 ఎకరాల్లో నాప్ చెప్పినట్టు పత్తి, మొక్కజొన్న వేశాడు. చెప్పిన వాటిలో గారడీ ఏమీ లేదు. పురుగు బలిసేలోపే కాయ పట్టే స్వల్పకాలిక రకం విత్తనం, ముందుగా విత్తడం, ఎడంగా నాటడం, మాటిమాటికీ దున్నడం. ఏడాది తిరిగేసరికి పాత పద్ధతిలో వచ్చేదాని కంటే 700 డాలర్లు ఎక్కువ మిగిలాయి. పూచీ నిధి ముట్టుకోవలసిన అవసరమే రాలేదు.

మరుసటి ఏడు అమెరికా కాంగ్రెస్ ముక్కుపురుగు మీద పోరుకు డబ్బు మంజూరు చేసింది. నాప్ ఆ డబ్బుతో, ఇలాగే రైతు పొలంలో చేయించి చూపించే ఏజెంట్లను పెట్టి, ఒక్కొక్కరికి అనేక కౌంటీలు అప్పగించాడు. కౌంటీ అంటే మన జిల్లాలా పైనుంచి వచ్చే కలెక్టరు నడిపేది కాదు. సొంత పన్నులు, ఎన్నికైన పాలకమండలి ఉంటాయి. మా కౌంటీకి పూర్తిగా మా మనిషే కావాలని టెక్సస్‌లోనే స్మిత్ కౌంటీ వాళ్ళు పట్టుబట్టారు. జీతంలో వాటా తామిస్తామన్నారు. 1906 నవంబరులో స్టాలింగ్స్ అనే ఆయన అక్కడ చేరాడు, ఒక్క కౌంటీకే పనిచేసిన మొదటి ఏజెంటుగా. ఆ నెలలోనే అలబామాలోని టస్కీగీలో థామస్ కాంప్‌బెల్ అనే నల్లజాతి యువకుడూ ఏజెంటయ్యాడు. ఆయనది బండి మీద బడి. నాగలి, వెన్న చిలికే కవ్వం వేసుకుని పేద నల్ల రైతుల గడపకే వెళ్ళేవాడు.

తర్వాత పిల్లల వంతు. 1910లో దక్షిణ కరోలినాలోని ఐకెన్ కౌంటీలో మేరీ క్రోమర్ అనే బడి పంతులమ్మ ఆడపిల్లలచేత టమాటా సంఘం పెట్టించింది. ఒక్కొక్కరికీ పదో వంతు ఎకరం, అంటే మన లెక్కన అచ్చంగా పది సెంట్లు. పండించింది డబ్బాల్లో నిలవచేసి అమ్ముకోవడం కూడా వాళ్ళ పనే. నాలుగాకుల గుర్తుతో నేడు అమెరికా అంతటా ఉన్న ఫోర్-హెచ్ సంఘాలకు ఇలాంటివే మొలకలు.

ఉత్తరాన పురుగు లేదు గానీ వేరే దిగులుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రూమ్ కౌంటీలో పొలాలు పాడుపడుతుంటే బింగమ్‌టన్ వర్తక సంఘం కంగారుపడింది. రవాణా చేయడానికి సరుకు తగ్గుతుందని లాకవానా రైలు కంపెనీకీ అదే కంగారు. ఇద్దరూ కేంద్ర వ్యవసాయశాఖతో కలిసి ఖర్చు పంచుకుని 1911లో జాన్ బారన్‌ను కౌంటీ ఏజెంటుగా పెట్టారు. వర్తక సంఘం తన విభాగాలను బ్యూరోలనేది. అందులో రైతుల విభాగం గనక ఇది ఫార్మ్ బ్యూరో అయింది. పట్నం బేహారులకు మా పొలాల మీద ఇంత ప్రేమేమిటని రైతులు అనుమానించారు, అనుమానించాలి కూడా. రెండేళ్ళలో రైతుల సంఘమే దాన్ని చేతికి తీసుకుంది.

1914 మే 8న స్మిత్-లీవర్ చట్టంతో ఈ అతుకుల బొంతకు దేశమంతటా ఒక రూపం వచ్చింది. ఖర్చు కేంద్రం కొంత, రాష్ట్రం కొంత, కౌంటీ కొంత. నాప్ మూడేళ్ళ ముందే పోయాడు. చట్టంలో ఒక మచ్చ ఉంది. దక్షిణాదిలో ఆ డబ్బు తెల్లవాళ్ళ కళాశాలల చేతిలోంచే కదిలింది, టస్కీగీ లాంటి చోట్లకు వాళ్ళు విదిల్చిందే దక్కింది.

ఇప్పుడు కౌంటీ ఆఫీసుకు మట్టి పరీక్షకు వచ్చేవాళ్ళుంటారు, పురుగు పట్టిన ఆకును ప్లాస్టిక్ సంచిలో తెచ్చేవాళ్ళుంటారు, పచ్చళ్ళ నిలవ గురించి అడిగేవాళ్ళూ ఉంటారు. ఆ ఆఫీసు ఖర్చులో కౌంటీ వాటాకు పాలకమండలి ఏటా ఒప్పుకోవాలి. బడ్జెట్ పట్టీలో అది రోడ్ల మరమ్మతు, జైలు ఖర్చు పక్కన ఒక చిన్న పద్దు.